నవ్వని ప్రేక్షకుడు

డాక్టరు గారు పోయారని ఆదివారం పొద్దున మా ఎడ్మంటన్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. కాసేపట్లో దండం పెట్టే చేతుల బొమ్మలతో ఫోను నిండిపోయింది. మధ్యలో ఎవరో చూసుకోకుండా మనవరాలి పుట్టినరోజు కేకు ఫోటో పెట్టి, నాలుక కరుచుకుని తీసేశారు. "మంచి మనిషి", "అజాతశత్రువు", "ఎప్పుడూ నవ్వుతూ ఉండేవారు" అని వరసగా రాశారు. ఆ చివరి మాట చదివి నాకు ఒళ్ళు మండింది. ఎప్పుడూ నవ్వుతూ ఉండడం మాట అటుంచి, హాలు హాలంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతుంటే ఆయనొక్కరే బిగుసుకుని కూర్చున్నారు. అది చూసిన రోజు నుంచి ఈ చలికాలమంతా నేను నిద్ర పోగొట్టుకున్నాను.

ఊళ్ళో మన డాక్టర్లు బోలెడుమంది ఉన్నారు. కానీ ఏ పేరూ తగిలించకుండా "డాక్టరు గారు" అంటే ఆయనే. నరాల డాక్టరు. యూనివర్సిటీ ఆసుపత్రిలో చాలా ఏళ్ళు చేసి రిటైరయ్యారు. భార్య పోయారు. కూతురు దూరంగా, మిల్టన్‌లో ఉంటుంది. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఇంట్లో హీటరు ఎంత పెంచినా మెడలో మఫ్లరు తీసేవారు కాదు.

ఆయన ఎక్కడికి వెళ్ళినా అందరికంటే వెనక నడిచేవారు. గుమ్మం దగ్గర, లిఫ్టు దగ్గర, మంచు గడ్డకట్టిన పార్కింగ్ లాట్‌లో, ఎక్కడైనా సరే, "మీరు పదండి, నేను వెనక వస్తా" అని చెయ్యి చూపించేవారు. మేమంతా దాన్ని మర్యాద అనుకున్నాం. ఆడవాళ్ళం మా మొగుళ్ళకి ఆయన్ని చూపించి "కాస్త చూసి నేర్చుకోండి" అని దెప్పేవాళ్ళం కూడా. ఒకరోజు ఆయనే అసలు సంగతి చెప్పారు.

"నడక చూస్తానమ్మా. నోరు విప్పాక మనిషి ఏదో ఒకటి కల్పిస్తాడు. నడకలో కల్పించడం కష్టం."

ఆసుపత్రిలో ఉన్నప్పుడు పేషెంట్లని పిలవడానికి నర్సుని పంపేవారు కాదట. తానే వెయిటింగ్ రూముకి వెళ్ళి, వాళ్ళని కారిడార్‌లో ముందు నడిపించి, వెనక తాను వచ్చేవారట. గది చేరేసరికి సగం తెలిసిపోయేదట. ఆ మాట విన్నప్పటి నుంచి ఆయన ముందు నడవాలంటే నాకు కాళ్ళు తడబడేవి. పెళ్ళిచూపుల్లో కూడా నేను అంత ఒద్దికగా నడిచి ఉండను.

ఇంకొకటి, కాఫీ డబ్బా. ఆయన ఇంటికి ఎవరు వెళ్ళినా తానే ఫిల్టరు కాఫీ వేసేవారు. వేసేముందు డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టేవారు. "వాసన చూడండి, ఎలా ఉంది?" అని అడిగేవారు. అది కాఫీ మీద మురిపెం అనుకునేవాళ్ళం. కొన్ని నరాల జబ్బుల్లో అన్నిటికంటే ముందు పోయేది వాసన అని ఆయన చెబితేనే తెలిసింది. "మనవాళ్ళతో చిక్కేమిటంటే, వాసన తెలిసినా తెలియకపోయినా మర్యాదకి బాగుందనేస్తారు" అని విసుక్కునేవారు కూడా. తెల్లవాళ్ళయితే ఏమీ రావడం లేదని మొహం మీద చెప్పేస్తారట. మన పేషెంట్లు ఎవరూ డాక్టరు కాఫీకి వంక పెట్టరు.

పోయిన వేసవిలో ఒకరోజు మా ఆయనా నేనూ వాళ్ళింటికి వెళ్ళాం. డబ్బా మా ఆయన ముక్కు దగ్గర పెట్టారు. ఈయన గట్టిగా పీల్చి, "అబ్బ, ఘుమఘుమలాడిపోతోందండీ. మైసూరు నుంచి తెప్పించారా?" అన్నారు. నేనూ వంగి చూశాను. డబ్బాలో ఉన్నది జీలకర్ర పొడి. పాపం, పెద్దాయన డబ్బాలు మార్చేసుకుంటున్నారు అనుకుని నవ్వాను. మా ఆయన మర్యాదని చూసి ఇంకా నవ్వాను. డాక్టరు గారు మాత్రం మూత బిగించి, డబ్బాని అలమరలో వెనక్కి నెట్టారు.

ఆయనకి ఉన్న ఒకే ఒక పిచ్చి ఇటలీ వాళ్ళ సంగీత నాటకాలు. అందులోనూ హాస్య నాటకాలే. చదువుకోడానికి కొత్తగా ఈ ఊరు వచ్చిన రోజుల్లో, బయట చూస్తే మంచు, లోపల చూస్తే ఒంటరితనం అయినప్పుడు, లైబ్రరీలో ఊరికే ఇచ్చే వీడియో క్యాసెట్లతో మొదలైందట. ఇటాలియన్ ఒక్క ముక్క రాదు. కింద ఇంగ్లిష్‌లో వచ్చే మాటలు కూడా ఆపేసి చూసేవారు. మాట అర్థమైతే మనిషిని చూడటం మానేస్తాం అనేవారు.

శనివారం మధ్యాహ్నాలు మమ్మల్ని కొందరిని పిలిచి బేస్‌మెంట్‌లో పెద్ద టీవీ మీద వేసేవారు. ఎన్ని ఉన్నా తిరిగి తిరిగి ఒక్క డిస్కు దగ్గరికే వచ్చేవారు. ఏదో చిన్న ఊరి థియేటర్‌లో నాటకం ఆడుతుండగా కెమెరాలు పెట్టి తీసింది అది. పేరు పలకడానికి నాకు నోరు తిరగదు. కథ మాత్రం మనకి కొత్తేమీ కాదు. ఒక ముసలి వర్తకుడికి పడుచుపిల్లని కట్టుకోవాలని మోజు. ఆ పిల్ల, ఆమె ప్రియుడు, ఇంట్లో వంటామె కలిసి ఆయన్ని బుట్టలో వేస్తారు. ఒకడు పరదా వెనక, ఒకడు బీరువాలో, ఒకామె బల్ల కింద దాక్కుంటారు.

"ఈ నాటకాలన్నీ ఇంతేనండీ. అందరికీ అంతా తెలుసు. ఎదుటివాడికి తెలుసన్న సంగతే ఎవడికీ తెలీదు" అనేవారు డాక్టరు గారు.

అందులో ముసలాయన పెళ్ళి కోటు తొడుక్కునే ఘట్టం ఒకటుంది. పాట జోరు అందుకుంటుంది, వేళ్ళు అందుకోలేవు. పై గుండీ కింది కాజాలోకి పోతుంది, కింది గుండీ ఎక్కడికీ పోదు. డిస్కులో జనం పగలబడి నవ్వుతారు. కెమెరా నడిపినవాడు ఆ నవ్వు కోసమే ఆ చేతి దగ్గరికి, ఇంకా దగ్గరికి వెళతాడు. మేమూ నవ్వేవాళ్ళం. సరిగ్గా అక్కడ డాక్టరు గారు రిమోట్ తీసి శబ్దం ఆపేసేవారు.

"ఇప్పుడు చూడండి."

పాటా నవ్వులూ పోయాక ఆ తెర మీద ఒక లావుపాటి మనిషి తన కోటు గుండీతో ఒంటరిగా పోట్లాడుతుంటాడు. ఎడమ చేతి బొటనవేలు చూపుడువేలి మీద, బియ్యపు గింజని నలుపుతున్నట్టు, ఆగకుండా కదులుతుంటుంది.

"ఇది పాత్ర చెయ్యి కాదు. పాడేవాడిది. హాల్లో కూర్చున్నవాళ్ళకి ఇది కనిపించదు. కెమెరాకి కనిపించింది. ఆ రోజుకి అతనికీ తెలిసి ఉండదు. తర్వాత కొంతకాలానికి స్టేజి మానేశాడు." ఇంత చెప్పి మళ్ళీ శబ్దం పెట్టేవారు. నవ్వులు మళ్ళీ ఒక్కసారిగా గదిలోకి వచ్చేవి.  

మరి పార్టీల్లో అందరినీ అలా చూస్తారు కదా, కనిపించింది చెప్పేస్తారా అని ఒకసారి అడిగాను.

"అడగనివాళ్ళకి చెప్పనమ్మా. ఒక్కసారి చెప్పాను. నా స్నేహితుడే. గృహప్రవేశంలో ప్లేటు పట్టుకున్న తీరు చూసి, పక్కకి పిలిచి చెప్పా. బ్రహ్మాండంగా టెన్నిస్ ఆడేవాడు. మర్నాటి నుంచి రాకెట్ ముట్టుకోలేదు. ఒంట్లో రోగం కాళ్ళకి రావడానికి ఇంకా చాలా టైముంది. దానికంటే ముందు నా మాటే వాడి కాళ్ళు కట్టేసింది." మఫ్లరు సర్దుకున్నారు. "వాడు నన్ను క్షమించలేదు. అప్పట్నుంచి, అడిగితేనే."

మా ఆయనకి నాటకాల పిచ్చి కాలేజీ నాటిది. ఆయిల్ కంపెనీలో ఇంజినీరుగా ఇన్నేళ్ళు చేసినా అది వదల్లేదు. ఆ ఇటలీ నాటకాన్ని తెలుగు చేసి దీపావళి ఫంక్షన్‌లో వేద్దామని ఈయనే పట్టుబట్టారు. ముసలి వర్తకుడి వేషం తానే వేస్తానన్నారు. పోయినేడాది వరకూ తలకి రంగేసుకుని హీరో వేషాలకి ఎగబడిన మనిషి, "వయసొచ్చింది కదే, ఎవరో ఒకరు ఒప్పుకోవాలిగా" అంటే, ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందని సంతోషించాను. రిహార్సల్స్‌లో అన్ని సీన్లూ చేశారు గానీ కోటు సీను మాత్రం ఒక్కసారీ చేయలేదు. "అది స్టేజి మీద దానంతటదే వస్తుంది" అన్నారు.

వచ్చింది. ఆ సాయంత్రం హాల్లో ఈయన కోటు గుండీలు పెట్టుకుంటుంటే జనం కుర్చీల్లో నిలవలేకపోయారు. తెలుగు సరిగా రాని పిల్లలు కూడా లేచి నిలబడి నవ్వారు. నాకు గర్వంగా ఉంది. ఈ నాటకాన్ని మాకు చూపించింది డాక్టరు గారే కదా, ఆయనెంత ఆనందిస్తున్నారో చూద్దామని వరస చివరికి తలతిప్పాను.

ఆయన నవ్వడం లేదు. మఫ్లరు రెండు కొసలూ గుప్పిట్లో పట్టుకుని, ముందుకు వంగి, మా ఆయన మొహం వైపు కాకుండా ఇంకెక్కడికో చూస్తున్నారు. ఎక్కడ చూస్తున్నారా అని నేనూ అటు చూశాను. గుండీల పని అయిపోయింది. పాట వేరేవాళ్ళు పాడుతున్నారు. ఈయన ఎడమ చేతికి అప్పుడు ఏ పనీ లేదు. అయినా బొటనవేలు కదులుతోంది.

నాటకం అయ్యాక భోజనాల దగ్గర అందరూ ఈయన చుట్టూ మూగారు. "యు వర్ సో ఫన్నీ అంకుల్!" అని పిల్లలు ఫోటోలు దిగుతున్నారు. డాక్టరు గారు ఒక మూల పేపరు ప్లేటు పట్టుకుని నిలబడ్డారు. నేను వెళ్ళాను.

"నాటకం ఎలా ఉంది డాక్టరు గారూ?"

"బాగుందమ్మా."

"మీరు నవ్వలేదు."

ప్లేటు పక్కనున్న బల్ల మీద పెట్టారు. నా కళ్ళలోకి చూశారు. "అడుగుతున్నావా అమ్మా?"

బల్ల మీది ప్లేటు తీసి మళ్ళీ ఆయన చేతిలో పెట్టాను.

"లేదండీ. పులిహోర పెట్టుకోండి" అన్నాను.

అడగలేదే గానీ, అడగని ప్రశ్న ఇంటికి నాతోపాటే వచ్చింది. ఆ రోజు నుంచి నేను మా ఆయనకి వెనక నడవడం మొదలుపెట్టాను. గ్రోసరీ షాపులో, మాల్‌లో, మా ఇంటి మెట్ల మీద, "మీరు పదండి, నేను వెనక వస్తా" అనేదాన్ని. కుడి చెయ్యి ఊగుతుంది, ఎడమది ఊగదు. ఊగినట్టు అనిపించిన రోజున పండగ చేసుకునేదాన్ని. మర్నాడు మళ్ళీ ఊగేది కాదు. బయట మైనస్ ముప్పై. ఇంట్లో ఈయన తుమ్మినా, కాఫీ కప్పు పెట్టేటప్పుడు చప్పుడైనా నేను ఉలిక్కిపడేదాన్ని.

జనవరిలో ఒక శనివారం ఈయనే అన్నారు. "డాక్టరు గారింట్లో ఆ డిస్కు ఇంకోసారి చూసొద్దామా? కాల్గరీ తెలుగువాళ్ళు మన నాటకం అక్కడ వేయమంటున్నారు." వెళ్ళాం. వాళ్ళిద్దరూ బేస్‌మెంట్‌లో కూర్చున్నారు. ఆ రోజు కాఫీ నేను కలుపుతానని పైనే ఉండిపోయాను. ఆ గుండీల సీను చూసే ధైర్యం నాకు లేదు. ట్రే పట్టుకుని మెట్లు దిగుతుంటే కింద పాట ఠక్కున ఆగిపోయింది.

"ఈ చెయ్యి నటన కాదంటారు కదండీ మీరు" అంటున్నారు మా ఆయన.

"అవును."

"మరి నాది?"

 నేను మెట్టు మీదే నిలబడిపోయాను.

"అడుగుతున్నారా?" అన్నారు డాక్టరు గారు.

"అడుగుతున్నానండీ."

అప్పుడు ఆయన చెప్పారు. పార్కిన్సన్స్ అన్న మాట ఒక్కటే నాకు స్పష్టంగా వినిపించింది. మిగతావి మెల్లగా చెప్పారు, ముక్కలు ముక్కలుగా అందాయి. పరీక్ష చేయకుండా ఖాయంగా అనలేనని, సోమవారమే ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి వెళ్ళి రిఫరల్ చీటీ అడగమని, స్పెషలిస్టు దొరకడానికి నెలలు పడుతుందని, మందులు ఉన్నాయని, ఇంకా చాలా ఏళ్ళు బాగా గడపొచ్చని.

"ఎండాకాలం నుంచీ తెలుస్తోందండీ. అందుకే ఆ వేషం వేశా. గుండీల దగ్గర తడబడితే జనం నవ్వుతారు. ఒకసారి నవ్వారంటే ఇక ఎవరికీ అనుమానం రాదు కదా" అన్నారు ఈయన. తర్వాత గొంతు తగ్గించారు. "మా ఆవిడకి చెప్పకండి. తనకేమీ తెలీదు. తెలిస్తే నన్ను చూసే చూపు మారిపోతుంది. ఆ చూపు నేను భరించలేను."

నేను చప్పుడు కాకుండా వెనక్కి తిరిగి మెట్లన్నీ ఎక్కాను. వంటింట్లో నిలబడి నోట్లో కొంగు కుక్కుకున్నాను. తర్వాత అడుగులు గట్టిగా వేస్తూ, "చక్కెర ఎంత వేయమంటారండీ?" అని అరుస్తూ మళ్ళీ దిగాను. తెర మీద ఆ లావుపాటాయన గుండీ దగ్గర ఆగిపోయి ఉన్నాడు. మా ఆయన "నాకు ఒక చెంచా చాల్లే" అని హుషారుగా అన్నారు. డాక్టరు గారు నా మొహం చూడలేదు. ట్రేలో గలగలలాడుతున్న కప్పుల్ని చూశారు. ఆయనకి తెలిసిపోయింది.

తర్వాతి వారం ఒక్కదాన్నే వెళ్ళాను. కోటు కూడా విప్పకుండా గుమ్మంలోనే, "అడుగుతున్నానండీ" అన్నాను.

"మీ ఆయన నాతో ఏం మాట్లాడారో చెప్పనమ్మా. నా కళ్ళకి కనిపించింది చెబుతా" అని అంతా చెప్పారు. జీలకర్ర డబ్బా సంగతి కూడా. నేను ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. టిష్యూ డబ్బా నా వైపు జరిపి, నేను ముగించేదాకా ఆగారు.

"ఆయనకి చెప్పకండి, నాకు తెలుసని" అన్నాను.

ఆయన మొహంలో కోపం చూడటం నాకదే మొదటిసారి. "ఇదేం నాటకమమ్మా? మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. ఈ వయసులో నన్ను బీరువాలో దాచకండి."

అయినా దాచాం. ఫిబ్రవరి అంతా, మార్చి అంతా. ఈయన జిమ్ అని చెప్పి ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి వెళ్ళేవారు. నేను ఏ జిమ్ అని అడిగేదాన్ని కాదు. కళ్ళజోడు పవరు మారిందని డ్రైవ్ చేయడం మానేశారు. నేను కొత్త కళ్ళజోడు ఊసెత్తలేదు. చొక్కాలు పోయి, ఇంట్లోకి తలమీంచి వేసుకునే స్వెటర్లు వచ్చాయి. "బాగున్నాయండీ, ఇవే వేసుకోండి" అన్నాను. డాక్టరు గారు మా ఇంటికి భోజనానికి వస్తే మా ఇద్దరి మధ్య కూర్చుని వాతావరణం గురించి మాట్లాడేవారు. ఇన్ని నాటకాలు చూసిన మనిషికి నటన బొత్తిగా రాదు. చెంచా జారవిడిచేవారు, అడిగినదానికి కాకుండా వేరేదానికి జవాబు చెప్పేవారు. చూస్తే జాలేసేది.

ఆఖరిసారి వచ్చినప్పుడు సాయంత్రం ఆయన్ని దింపడానికి ముగ్గురం కారు దగ్గరికి బయల్దేరాం. మా ఆయన ముందు నడుస్తున్నారు. మేమిద్దరం గుమ్మంలో ఆగాం. ఇద్దరం ఒకే చోటికి చూస్తున్నాం.

"ఎన్నాళ్ళమ్మా ఇలా?"

"ఆయన చెప్పేదాకా."

"మీ ఇంట్లో ఇద్దరిదీ ఒకటే జవాబు" అని నిట్టూర్చి మెట్లు దిగారు. నాలుగు రోజులకి ఆదివారం, ఆ మెసేజ్.

నాకు ఏడుపు రాకముందు భయం వచ్చింది. మా ఇద్దరి సంగతీ తెలిసిన మనిషి లోకంలో ఆయనొక్కరే. ఇక మేమిద్దరం ఒకే ఇంట్లో, ఒకరి నుంచి ఒకరం దాక్కుంటూ, ఎంతకాలమైనా ఉండిపోవచ్చు. ఆపేవాళ్ళు లేరు.

దహనం అయ్యాక కార్లో తిరిగి వస్తున్నాం. నేను డ్రైవ్ చేస్తున్నాను. రోడ్డు పక్కన మంచు కరిగి నల్లగా బురదయింది. పక్క సీట్లో మా ఆయన ఎడమ చెయ్యి కోటు జేబులో పెట్టుకుని కిటికీలోంచి చూస్తున్నారు. చాలా దూరం వచ్చాక, నా వైపు తిరగకుండానే అడిగారు.

"పోయేముందు ఆయన నీకేమైనా చెప్పారా?"

లేదండీ, ఏం చెబుతారు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్ని నెలలూ అలవాటైన మాటే. ముందు ట్రక్కు వెళుతోంది. దాని చక్రాల వైపే చూస్తూ చెప్పాను.

"ఆయనంతట ఆయన చెప్పలేదు. నేనే అడిగాను. జనవరిలో."

 హైవే మీద రెండు ఎగ్జిట్లు దాటిపోయాయి. తర్వాత ఈయన మెల్లగా జేబులోంచి ఎడమ చెయ్యి తీసి, దాచకుండా, నాకు కనిపించేలా ఒళ్ళో పెట్టుకున్నారు.